తింటూనే చిక్కిపోతుంటే...

ఉలవ గుగ్గిళ్లు పెడుతున్నారు. గడ్డి వేళకు వేస్తున్నారు. తొట్టి ఖాళీ అవుతూనే ఉంది. అయినా గుర్రం పక్కటెముకలు లెక్కపెట్టేలా బయటపడుతున్నాయి. నిన్నమొన్నటిదాకా పిల్లల్ని ఎక్కించుకుని మైదానమంతా హుషారుగా తిరిగింది. ఇప్పుడు రెండు చుట్లకే ఆయాసపడుతోంది.

ఇలాంటప్పుడు చాలామంది యజమానుల అనుమానం ముందుగా పోయేది దాణా పెట్టే మనిషి మీదికే. ఉలవల్లో సగం ఇంటికి పట్టుకుపోతున్నాడేమోనని! పాపం, ఈ నిందతో పని పోగొట్టుకున్నవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారు. అసలు దొంగ మాత్రం గుర్రం ఒంట్లోనే ఉండొచ్చు.

వెతకడం టేపుతో మొదలుపెట్టాలి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు కదా! ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకోవాలి. దాన్ని దానితోనే హెచ్చవేసి, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా ఉన్న పొడవుతో మరోసారి హెచ్చవేయాలి. వచ్చినదాన్ని 11,880తో భాగిస్తే ఇంచుమించుగా బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 160, పొడవు 150 అయితే గుర్రం 323 కిలోలన్నమాట. వారం వారం రాసి పెట్టుకుంటే ఎంత తగ్గుతోందో తేలిపోతుంది. మేతనూ డబ్బా లెక్కన కాక తూకం వేసి చూడాలి. తేమ లెక్క తీసేశాక దాని బరువులో కనీసం ఒకటిన్నర శాతం, అంటే ఈ గుర్రానికి రోజుకి దాదాపు 5 కిలోలు పడాలి. స్వారీ ఎక్కువైతే ఇంకా కావాలి. తూకం సరిపోతే ఆ మనిషి మీద నింద అక్కడితో సరి!

తర్వాత నోరు. గుర్రం పళ్లు ఏటా కొద్దికొద్దిగా పైకి వస్తూ, నమలడంతో అరుగుతూ ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తుల్లా తయారై బుగ్గలను, నాలుకను కోస్తాయి. సగం నమిలిన గడ్డి ఉండలు తొట్టి పక్కన పడి ఉన్నాయంటే సంగతి ఇదే. పశువైద్యులు ఆకురాయితో రాసి సరిచేస్తారు. లద్దెను పరీక్ష చేయిస్తే నులిపురుగుల గుడ్లు ఉన్నాయో లేదో తెలుస్తుంది. కడుపులో పుండ్లు ఉన్నా ఒళ్లు తగ్గుతుంది. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రింబవళ్లు ఊరుతూనే ఉంటుంది కనుక గంటల తరబడి ఖాళీ కడుపుతో కట్టేసి ఉంచకూడదు.

ఇవన్నీ చూసినా జవాబు దొరకలేదు. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. జ్వరం వస్తోంది, పోతోంది. పొట్ట కింద, కాళ్లలో నీరు దిగింది. అప్పుడిక రక్తం చూడాల్సిందే.

ఇలా రక్తంలో వెతికినవాడు గ్రిఫిత్ ఎవాన్స్. వేల్స్ దేశస్థుడు, బ్రిటిష్ సైన్యంలో పశువైద్యుడు. ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతంలో గుర్రాలు, ఒంటెలు చిక్కి శల్యమై చచ్చిపోతుంటే 1880లో ఆయన్ను అక్కడికి పంపారు. అక్కడివాళ్లు ఆ జబ్బును 'సర్రా' అనేవారు. కుళ్లిపోవడమని అర్థం చెబుతారు. ఎవాన్స్ మైక్రోస్కోపు కింద ఒక రక్తపు చుక్క పెట్టి చూస్తే, కణాల మధ్య సన్నటి జీవులు పాముల్లా మెలికలు తిరుగుతూ కనిపించాయి. ఆ రక్తాన్ని ఆరోగ్యంగా ఉన్న జంతువులకు ఎక్కిస్తే వాటికీ జబ్బు వచ్చింది.

ఆయన మాట పెద్దలు వినలేదు. కలకత్తాలో టిమోతీ లూయిస్ అప్పటికే ఎలుకల రక్తంలో ఇలాంటి జీవుల్ని చూసి ఉన్నాడు. ఆ ఎలుకలు నిక్షేపంగా ఉన్నాయి మరి! కాబట్టి గుర్రాల్లోనివి కూడా హాని చేయవనుకున్నారు. కుట్టే ఈగల వల్లే ఈ జబ్బని చెప్పిన స్థానికుల మాటను మాత్రం ఎవాన్స్ కొట్టిపారేయలేదు, తన నివేదికలో రాశాడు. అది నిజమేనని 1901లో లెనార్డ్ రోజర్స్ ప్రయోగాలతో తేలింది. ఆ జీవికి చివరికి ఎవాన్స్ పేరే వచ్చింది: ట్రిపనోసోమా ఎవాన్సీ. 1835లో పుట్టిన ఎవాన్స్ 1935లో నూరేళ్లు నిండాకే కన్నుమూశాడు. తన మాటను లోకం ఒప్పుకోవడం కళ్లారా చూశాడు.

సర్రా ఇప్పటికీ మన దేశంలో ఉంది. జోరీగ ఒక పశువును కుడుతుంది. తోకతో తోలితే సగంలో లేచి, మూతికి అంటిన నెత్తురుతోనే పక్క పశువు మీద వాలుతుంది. గేదెలు, ఆవుల్లో ఈ క్రిమి ఉన్నా చాలాసార్లు పైకేమీ కనిపించదు. గుర్రపుశాల పక్కనే గేదెల కొట్టం ఉంటే వానాకాలంలో, ఆ తర్వాత ఓ కన్నేసి ఉంచాలి. మనుషులకు ఇది రావడం బహు అరుదు. తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో 2004లో ఒక రైతుకు మాత్రం వచ్చింది. ఈ క్రిమిని చంపే ప్రొటీను ఆయన రక్తంలో లేదని పరీక్షల్లో బయటపడింది. మందుతో కోలుకున్నాడు.

గుర్రానికీ మందులున్నాయి. కానీ ఈ క్రిమి గడుసుది. ఒంటి పైపొరను మార్చుకుంటూ రోగనిరోధక శక్తి కన్నుగప్పుతుంది. ఒకరోజు రక్తంలో గుంపులుగా ఉంటే మరో రోజు ఒక్కటీ కనిపించదు. అందుకే ఒకసారి పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన ధీమాగా ఉండకూడదు. జ్వరం ఉన్న వేళ తీసిన రక్తంలో దొరికే అవకాశం ఎక్కువ. ఆ వేళ ఏదో తెలియాలంటే ఉదయం, సాయంత్రం థర్మామీటరు పెట్టి అంకె రాసి పెట్టాలి. ఆ పని చేయగలిగింది రోజంతా గుర్రం పక్కనే ఉండే మనిషే. అదే, ఉలవలు పట్టుకుపోతున్నాడని అనుమానించారే, ఆ మనిషే!