నేరమంతా గాలిది కాదు

మక్క చేను నేలకొరిగిన ప్రతిసారీ ఒకే మాట వింటున్నాం: "గాలికి పోయింది, ఎవరేం జేస్తరు?" ఆ మాటతో విత్తనం అమ్మినవాడు బయటపడతాడు, రైతు మునుగుతాడు. బోయినపల్లిలో బడిపంతులుగా, అంతకన్నా ముందు ఆదివాసీ రైతు బిడ్డగా, ఆ మాట నేను ఒప్పుకోను.

2023 మార్చి వడగళ్లకు, ఈదురుగాలులకు తెలంగాణలో 2.28 లక్షల ఎకరాల పంట దెబ్బతిన్నదని ప్రభుత్వమే చెప్పింది. అందులో 1.29 లక్షల ఎకరాలు మక్కలే. ముఖ్యమంత్రి కరీంనగర్ జిల్లా రామడుగు మండలానికి వచ్చి చేలు చూశారు. ఎకరానికి 10,000 రూపాయలు ప్రకటించారు. ఏ రకం ఎంత పడింది, ఏది నిలబడింది అన్న లెక్క మాత్రం మా ఊరిదాకా రాలేదు. అసలు తెలియాల్సింది అదే.

ఎందుకంటే ఒకే గాలికి అన్ని రకాలూ ఒకేలా పడవు. దంటు బెరడు ఎంత గట్టిది, కంకి ఎంత ఎత్తున కాస్తుంది, కింది కణుపుల నుంచి ఊతవేర్లు ఎన్ని దిగుతాయి, కాండం కుళ్లును ఎంత తట్టుకుంటుంది - ఇవన్నీ చాలావరకు పుట్టుకతో వచ్చే గుణాలు. ఒక్క జన్యువు పని కాదు, ఎన్నో జన్యువులు తలా కొంచెం కలిస్తేనే దంటుకు బలం. శాస్త్రవేత్తలు బెరడులోకి సూది గుచ్చి, ఎంత బలం పడుతుందో కొలిచి, గట్టి మొక్కలను ఏరుతారు. అంటే ఇది కొలవగలిగిన గుణమే.

మన అవ్వలు సూది లేకుండానే ఈ పని చేశారు. పడిన మొక్క కంకిని కాల్చుకు తిన్నారు, నిలబడ్డ మొక్క కంకిని విత్తనానికి కట్టారు. అయినా పాత విత్తనమంతా బంగారమని నేననను. బాగా ఎత్తు పెరిగే పాత రకాలూ పడ్డాయి. యూరియా గుమ్మరించి, ఒత్తుగా విత్తితే ఏ దంటైనా సన్నబడుతుంది. ఆ తప్పు మనది. కానీ హైబ్రిడ్ విత్తనం దాచుకుంటే మరుసటి ఏడు గుణాలు చీలిపోతాయి. అందుకే ఏరే పని మన చేతుల్లోంచి కంపెనీ చేతుల్లోకి పోయింది. ఏరే హక్కు పోయినచోటికే జవాబుదారీ కూడా పోవాలి కదా!

చట్టం ఉంది. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల రక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, నమోదైన రకం ఏ పరిస్థితుల్లో ఎలా పండుతుందో రైతుకు ముందే చెప్పాలి. చెప్పినట్టు పండకపోతే పరిహారం అడగొచ్చు. కానీ ప్యాకెట్ మీద దిగుబడి గొప్పలే తప్ప గాలి మాట కనబడదు. చెప్పని గుణానికి పరిహారం ఎలా అడుగుతాం? అందుకే ముందు ఆ మాట రాయించుకోవాలి.

అడిగితే రాదనుకోకండి. ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు ఆదివాసీ రైతులు మక్క విత్తన పంటలో నష్టపోయి, కొట్లాడి, 2025లో పరిహారం రాబట్టుకున్నారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, విత్తనం కొన్నప్పుడు బిల్లు, ఖాళీ ప్యాకెట్ దాచండి. "ఇది గాలికి నిలుస్తుందా? రాసిస్తావా?" అని అడగండి. సాటి ఉపాధ్యాయులారా, కోతకు ముందు పిల్లలను చేనుకు తీసుకుపోండి. ఒక్కో రకంలో వంద మొక్కలు లెక్కబెట్టించండి. ఎన్ని విరిగాయి, ఎన్ని వేళ్లతో సహా ఒరిగాయి, ఎన్ని నిలిచాయి? రకం పేరుతో పాటు నోటుపుస్తకంలో రాయించండి. వచ్చే గాలికి మన దగ్గర కన్నీళ్లే కాదు, లెక్క కూడా ఉండాలి.