చూడని రియాక్టర్

ఢిల్లీ బేర్ సరాయ్‌లో ఒక జిరాక్స్ దుకాణం. గోడ వారగా గేట్ పాత ప్రశ్నపత్రాల దొంతరలు, బల్ల మీద స్పైరల్ బైండింగ్ యంత్రం, గది నిండా టోనర్ వాసన. కాపీల కోసం నిలబడ్డ గుంటూరు జిల్లా కుర్రాడు, కెమికల్ ఇంజినీరింగ్ పట్టభద్రుడు, మాటల మధ్య ఒక చిత్తుకాగితం మీద రియాక్టర్ బొమ్మ గీశాడు. అజిటేటర్, బాఫిల్స్, చుట్టూ జాకెట్, ఆవిరి వచ్చే దారి, కండెన్సేట్ పోయే దారి. ఒక్క గీతా తప్పు పోలేదు. "ఇది నడుస్తుండగా ఎప్పుడైనా చూశావా నాయనా?" అన్నాను. "లేదండీ" అన్నాడు. కాస్త ఆగి, "సర్టిఫికెట్ మాత్రం ఉందండీ. మందుల కంపెనీలో ఆరు వారాల ఇంటర్న్‌షిప్. డబ్బులు కట్టి తెచ్చుకున్నాం. క్లాసు క్లాసంతా కట్టాం" అన్నాడు.

ఆ మాట చెప్పేటప్పుడు వాడు తల దించుకున్నాడు. దించుకోవలసిన తల వాడిదొక్కడిదేనా?

సరాయి అంటే బాటసారుల సత్రం. ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో వచ్చి మన పిల్లలు ఈ సత్రంలో ఇరుకు గదులు పంచుకుంటున్నారు, పక్కనున్న ఐఐటీ ప్రహరీ వంక ఆశగా చూస్తున్నారు. వాళ్లు పుస్తకాల్లో వెతుక్కుంటున్న ఆ రియాక్టర్లు ఎక్కడున్నాయి? జీడిమెట్లలో, బొల్లారంలో, పాశమైలారంలో, పరవాడలో! ఇంటి పెరట్లో బావి పెట్టుకుని దాహానికి దేశాంతరం పంపిన పెద్దలం మనం.

ఆ బావి తవ్విన చరిత్ర కూడా మరిచాం. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సహకారంతో హైదరాబాద్ బాలానగర్‌లో కర్మాగారం నెలకొల్పింది. 1970 పేటెంట్ చట్టం మందు మీద గుత్తాధిపత్యాన్ని తొలగించి, తయారీ విధానానికి మాత్రమే రక్షణ మిగిల్చింది. మరో మార్గంలో అదే మందు చేయగలవాడికి ద్వారం తెరుచుకుంది. ఆ ద్వారం దాటించింది రసాయన ప్రక్రియ తెలిసిన చేతులే. పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో కెమికల్ ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ చేసిన కల్లం అంజిరెడ్డి సొంత సంస్థలకు ముందు పనిచేసింది ఆ ఐడీపీఎల్‌లోనే. డాక్టర్ రెడ్డీస్ పుట్టింది తర్వాత, 1984లో. ఒక ప్రభుత్వ కర్మాగారం ఒక తరానికి గురుకులమైంది. నేటి కర్మాగారాలు ఎవరికి గురుకులాలు?

గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరి తాలూకు?" అని అడుగుతాడు. బాబాయి జీఎం అయితే లోపలికి, బాబాయి రైతు అయితే బస్టాండుకి. విధాన రహస్యం, భద్రత అని యాజమాన్యాలు చెప్పే కారణాలు అబద్ధాలు కావు. అయితే రికమండేషన్ ఉత్తరం రాగానే ఆ రహస్యానికీ భద్రతకీ ముప్పు ఎలా తొలగిపోతుందో! కళాశాలకు కావలసింది క్రెడిట్లు నిండిన పట్టిక. తల్లిదండ్రులకు కావలసింది ఫొటో కట్టించుకునే కాగితం. విద్యార్థికి వేసవి సెలవులు దక్కితే చాలు. నల్ల కాలికో అట్ట, దాని మీద బంగారు అక్షరాలు, లోపల సీనియర్ రాసిన రిపోర్టే. ఏ ఒక్కరూ మోసపోలేదు, అందరం భాగస్థులమే.

ఈ వ్యాధికి మూలం ఎక్కడుంది? విద్యను ఆభరణంగా ధరించి, శ్రమను అంటుగా భావించిన మన సంస్కారంలో కాదా? సరస్వతిని పూజించే చేతికి సాల్వెంట్ వాసన అంటరాదనుకున్నాం. షిఫ్టులో డ్రమ్ములు దొర్లించే ఆపరేటర్ దగ్గర ఇంజినీరు నేర్చుకోవడం అవమానమనుకున్నాం. ఆ ఆపరేటర్‌కి తెలిసినది ఏ గైడులోనూ లేదు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల కర్మాగారం పేలుడులో 17 మంది కార్మికులు మరణించారు. 2025 జూన్ 30న పాశమైలారంలో మరో పేలుడులో నలభై మందికి పైగా. కారణాలు విచారణలు తేలుస్తాయి. కానీ కొన్న సర్టిఫికెట్‌తో రేపు అలాంటి ప్లాంట్‌లోనే షిఫ్ట్ ఇన్‌చార్జిగా నిలబడే యువకుడి చేతుల్లో ఎన్ని కుటుంబాల సాయంకాలాలు ఉంటాయి? వాడి అజ్ఞానానికి రశీదు ఇచ్చింది మనమే కదా!

అయినా నేను నిరాశపడను, పడలేను. కాపీలు అందుకున్నాక కుర్రాడు బొమ్మను మళ్లీ ముందుకు లాక్కుని, రియాక్టర్ కింద ఒక సెంట్రిఫ్యూజ్ గీశాడు. "ఇందులోకి నైట్రోజన్ ఎందుకు వదులుతారో చదివానండీ. సాల్వెంట్ ఆవిరికి స్టాటిక్ రవ్వ తగిలితే అంటుకోకుండా గాలిని తరిమేస్తారు. అయితే ఆక్సిజన్ తగినంత తగ్గిందని అక్కడ నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది? అది చూడాలండీ" అన్నాడు. పరవాడలోని నాలుగు కంపెనీలకు తానే ఉత్తరాలు రాశాడట, ఎవరి పేరూ చెప్పకుండా. ఐదోది ఆ బల్ల మీదే, గీసిన బొమ్మ వెనక వైపు, మొదలుపెట్టాడు.