ఈకల అంగీ, రాయల కుళ్ళాయి

మా మంత్రాలయంలో శేషవస్త్రం కప్పించుకుని మఠంలోంచి బయటికి వచ్చే మనిషిని ఎప్పుడైనా గమనించారా? ఆ వస్త్రం ఖరీదెంతని అతన్ని ఎవరూ అడగరు. బజార్లో అంతకంటే మంచివి బోలెడు దొరుకుతాయి. అయినా ఇంటికి పోగానే పెట్టె అడుగున భద్రంగా దాచుకుంటాడు. ఎవరి చేతిమీదుగా వచ్చిందో అతనికి తెలుసు.

మొన్న ఆజ్టెకుల బొమ్మలు తిరగవేస్తుంటే నాకు ఆ వస్త్రమే గుర్తుకొచ్చింది. ఆజ్టెకులంటే ఒకప్పుడు మెక్సికోను ఏలినవారు. 1521లో వాళ్ళ రాజధాని స్పెయిన్ వాళ్ళ పాలైంది. మరో ఇరవై ఏళ్ళకు అక్కడి చిత్రకారులే, కొత్త దొరల కోసం, తమ పాత రాజ్యం సంగతులన్నీ బొమ్మలు గీసి పెట్టారు. దాన్ని మెండోజా గ్రంథమంటారు. ఓడ మీద పోతుంటే ఫ్రెంచి దొంగలు కాజేశారు. చేతులు మారి మారి 1659లో ఆక్స్‌ఫర్డు చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

అందులో ఒక పుటనిండా యోధులు. ఒక్కొక్కడూ ఒక్కొక్క శత్రువును జుట్టు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఒక్కణ్ణి ప్రాణాలతో పట్టి తెచ్చినవాడికి పువ్వుల దుప్పటి. ఇద్దర్ని తెస్తే ఒళ్ళంతా ఈకలు పొదిగిన అంగీ, నెత్తిన మొనదేలిన పొడుగాటి టోపీ. నలుగుర్ని తెచ్చినవాడు ఏకంగా జాగ్వార్ వేషంలో ఉంటాడు! మన పోలీసుల భుజాల మీది పట్టీల్లాగే, ఉడుపు చూస్తే మనిషి అంతస్తు తెలిసిపోవాలి. పట్టుబడ్డవాళ్ళ గతి మాత్రం, పాపం, బలిపీఠమే.

ఈ ఈకలను దారంతో ముడివేసేవారు, ఆర్కిడ్ దుంపల జిగురుతో అతికేవారు. సామంత దేశాల నుంచి ఇలాంటి అంగీలు కప్పంగా మూటలు మూటలుగా వచ్చేవి. వస్తేనేం? రాజు ఇస్తేనే తొడగాలి. సామాన్యుడు నూలుబట్ట కట్టినా మరణదండనే అని దురాన్ అనే స్పానిష్ పాద్రి రాశాడు.

ఎక్కడి మెక్సికో, ఎక్కడి మనం అంటారేమో. మా తుంగభద్ర వెంట ఎగువకు నడిస్తే హంపీ వస్తుంది. 1519లో మోక్తెజూమా చక్రవర్తి, తన తీరాన దిగిన కోర్టెజ్ దొరకు ఈకల కిరీటాలూ దేవతల ఉడుపులూ పంపాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే హంపీలో కృష్ణరాయలు, ఫిగెరెదో అనే పోర్చుగీసువాడికి జరీ కబాయి, తాను పెట్టుకునే తీరు కుళ్ళాయి బహూకరించాడు. పేష్ అనే యాత్రికుడు రాసిపెట్టిన సంగతి ఇది.

ఆ కుళ్ళాయి ఎలా ఉండేదో చూడాలంటే హిందూపురం దగ్గర లేపాక్షికి వెళ్ళి తలెత్తండి. అచ్యుతరాయల కాలపు ఆ కప్పుబొమ్మల్లో విరూపణ్ణ తదితరులు నిటారు కుళ్ళాయిలతో శివుడికి మొక్కుతుంటారు. మెండోజా బొమ్మలూ ఇంచుమించు ఆ నాటివే. (అంతకు నూరేళ్ళ ముందే, కుళ్ళాయి పెట్టుకోలేక శ్రీనాథుడు పడ్డ అవస్థ చాటువుగా మిగిలింది. అది వేరే సంగతి.)

ఆజ్టెకుల ఈకల కిరీటం ఒకటి వియన్నాలో ఉంది. నాలుగు వందలకు పైగా కెత్సాల్ పిట్ట తోక ఈకలు! 1596లో అక్కడి రాజవంశీకుల సామాన్ల జాబితా రాసిన గుమాస్తా దాన్ని 'మూరుల టోపీ' అని వేసుకున్నాడు. 2020లో మెక్సికో అధ్యక్షుడు ఎరువిమ్మని అడిగాడు. ప్రయాణం కుదుపులకు ఈకలు తట్టుకోలేవని ఆస్ట్రియా వాళ్ళు ఇవ్వలేదు. మెక్సికో నగరం మ్యూజియంలో జనం చూస్తున్నది దాని నకలు.