లెక్కల పుస్తకంలో ఒక ఊరు

నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్ కౌంటీలో, ఎక్స్‌మూర్ బీడుభూముల అంచున మోర్‌బాత్ అనే పల్లె ఉంది. 16వ శతాబ్దంలో అక్కడ ఉన్నవి 33 కుటుంబాలే. అయినా ఆనాటి ఇంగ్లండ్ రైతుల గురించి రాసే చరిత్రకారులు ఇప్పుడు ఆ ఊరిని పక్కనపెట్టలేరు. కారణం, చర్చి మతగురువు క్రిస్టఫర్ ట్రికీకి లెక్కలు రాసే అలవాటు ఉండటం. 1520లో వచ్చిన ఆయన 1574లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. పద్దులు రాయడమే కాదు, ఊరంతటికీ చదివి వినిపించేవారు.

చిన్న పల్లె చరిత్ర తవ్వాలంటే ఇంగ్లండ్‌లో ఆధారాలకు కొదవలేదు. ప్రతి చర్చీ పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఖననాలు నమోదు చేయాలని, ఆ పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో దాచాలని 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆదేశించారు. ఇదంతా కొత్త పన్ను వేయడానికేనని జనం అనుమానించారు. (సర్కారు వివరాలు అడిగితే ఎక్కడైనా పుట్టే అనుమానమే.) 1836 చట్టం కింద గీసిన పటాల్లో ఏ పొలం ఎవరిదో, ఎవరు సాగుచేస్తున్నారో తెలుస్తుంది. 1841 జనగణన నుంచి ఇంటింటా మనుషుల పేర్లూ దొరుకుతాయి. కానీ ఇవన్నీ పై నుంచి వచ్చిన ఉత్తర్వులకు ఊరిచ్చిన జవాబులు. ఊరు తన కోసం తాను రాసుకున్నది చర్చి పద్దే.

మోర్‌బాత్ పద్దులో గొర్రెలు కనిపిస్తాయి. చర్చికి చెందిన గొర్రెలను రైతులు తమ మందల్లో కలిపి మేపేవారు. ఎన్ని చచ్చాయి, ఉన్ని ఎంతకు అమ్ముడైంది, అన్నీ అందులో ఉంటాయి. మృతుల కోసం చేసే పూజలో వేసుకునే నల్లటి వస్త్రాల కోసం ట్రికీ 20 ఏళ్లపాటు చిల్లర పోగుచేశారు. 1547లో కొన్నారు. అప్పటికి ఎనిమిదో హెన్రీ పోయి, బాలుడైన ఆరో ఎడ్వర్డ్ గద్దెనెక్కాడు. కొత్త ప్రభుత్వం అలాంటి పూజలనే నిషేధించింది.

1549లో లాటిన్ ప్రార్థనల స్థానంలో ఇంగ్లిష్ పుస్తకం రావడంతో డెవన్, కార్న్‌వాల్ జనం తిరగబడ్డారు. సైన్యం చేతిలో వేలాదిమంది చనిపోయారు. ఎక్సెటర్ బయట సెయింట్ డేవిడ్స్ డౌన్ దగ్గరున్న తిరుగుబాటుదార్ల శిబిరానికి మోర్‌బాత్ ఐదుగురు యువకులను పంపింది. వారికైన ఖర్చును ట్రికీ గొర్రెల లెక్కల సరసనే రాశారు. చర్చి డబ్బుతో రాజద్రోహం! ఆ పుటను ఆయన చించెయ్యలేదు.

తర్వాత చర్చి సామగ్రి చెదిరిపోయింది. 1553లో మేరీ రాణి పాత మతాన్ని పునరుద్ధరించాక, జనం ఇళ్లలో దాచిన వస్తువులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఎలిజబెత్ కాలంలో మళ్లీ మార్పు. నలుగురు పాలకుల కిందా రాసింది ఆ ఒక్క చెయ్యే.

ఈ పద్దులు రహస్యమేమీ కాదు, జె. ఎర్‌స్కిన్ బిన్నీ సంపాదకత్వంలో 1904లోనే ఎక్సెటర్‌లో అచ్చయ్యాయి. మోర్‌బాత్ పేరు బయటి లోకానికి తెలిసింది మాత్రం కేంబ్రిడ్జి చరిత్రకారుడు ఈమన్ డఫీ 2001లో వాటి మీద పూర్తి పుస్తకం రాశాకే.