డిశ్చార్జి చీటీతో దమ్ము తగ్గుతదా?

మా వాడలో ఒకన్న ఉన్నడు. పదకొండేండ్లు పలుగురాళ్ల మిల్లులో రాయి మోసిండు, పొడి బస్తాలు కుట్టిండు. ఇంకా నలభై దాటలేదు. పోయిన చలికాలం దమ్ము ముదిరి పట్నంల పెద్ద దవాఖానలో పడ్డడు. తొమ్మిది రోజులు ఆక్సిజన్ పెట్టిండ్రు. పదో రోజు ఒక చీటీ చేతిల పెట్టి ఇంటికి పొమ్మన్నరు.

చీటీ ఇంగ్లీషులో ఉంది. చదువుకున్న పిల్లగాడు చదివి చెప్పిండు: దుమ్ముకు దూరంగా ఉండాలి, బలమైన తిండి తినాలి, నెలకోసారి వచ్చి చూపించుకోవాలి.

దుమ్ముకు దూరముండాలంటే మిల్లు మానాలె. మిల్లు మానితే బలమైన తిండి ఎక్కడిది? పట్నం పోను రాను కిరాయి ఎవరిస్తరు? నెల తిరక్కముందే మళ్లీ అదే దవాఖానకు మోసుకపోయినం. "మందులు సక్కగ వాడలే" అని డాక్టరు కసురుకున్నడు. వాడలేదా, దొరకలేదా అని అడిగిన నాథుడు లేడు.

ఇది ఒక్క మనిషి గోస కాదు. ఎవరి చేతికి ఏ పని రావాలో కులం నిర్ణయించింది. ఆ పనే ఎవరి ఊపిరితిత్తుల్లోకి ఏ దుమ్ము పోవాలో నిర్ణయిస్తోంది. రాయి కొట్టే వడ్డెరకు రాతిదుమ్ము. రోడ్లూడ్చే మాదిగకు రోడ్డుదుమ్ము. బీడీ ముట్టని మన అవ్వలకు కట్టెల పొయ్యి పొగ. డాక్టరు మాత్రం "బీడీ తాగుతవా?" అని అడుగుతడు. "ఏం పని చేస్తవు?" అని అడగడు.

పలుగురాయి సన్నదుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే లోపల మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీని పేరు సిలికోసిస్. మాన్పే మందు లేదు. పని మానినా ముదరవచ్చు. ఈ జబ్బున్నోళ్లకు టీబీ తొందరగా అంటుకుంటుంది. అందుకే ఎంతోమందికి అసలు జబ్బు వదిలేసి టీబీ అని మాత్రమే రాస్తారు. అట్ల రాస్తే మిల్లు యజమాని బతికిపోయినట్టే. టీబీకి యజమాని లేడు, సిలికోసిస్‌కు యజమాని ఉన్నడు!

ఫ్యాక్టరీ కూలికి సిలికోసిస్ వస్తే డాక్టరు సర్కారుకు తెలపాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది. దాని స్థానంలో వచ్చిన 2020 కోడ్‌లోనూ ఈ జబ్బు జాబితాలో ఉంది. కాగితం మీద ఉన్నది మన చీటీ మీదికి ఎందుకు రాదు?

"నయం కాని జబ్బుకు ఎందుకీ లొల్లి?" అని కొందరంటారు. నయం కాని జబ్బుకే ఎక్కువ తోడు కావాలి. దమ్మున్నోళ్లకు దవాఖాన తొమ్మిది రోజులే, మిగిలిన బతుకంతా ఇంటి మంచం మీదనే. ఇన్‌హేలర్ ఉంటే సరిపోదు, పట్టే తీరు నేర్పాలి. ఊపిరి వదిలి, మెల్లగా పీలుస్తూ నొక్కి, పది లెక్కపెట్టేదాకా ఆపాలి. కుదరకపోతే స్పేసర్ గొట్టం పెట్టుకోవాలి. స్టెరాయిడ్ మందైతే నోరు పుక్కిలించి ఉమ్మాలి. రోజూ కొంచెం కొంచెం నడిపించాలి. నెత్తురులో ఆక్సిజన్ బాగా తగ్గినోళ్లకు ఇంట్లో రోజుకు 15 గంటలకు తగ్గకుండా ఆక్సిజన్ కావాలి. ఆ మిషన్ దగ్గర పొయ్యి, బీడీ ఉండొద్దు. ఇవన్నీ ఎవరు నేర్పుతున్నరు?

కొట్లాడితే రానిది కాదు. గుజరాత్ పలుగురాళ్ల మిల్లుల్లో పనిచేసి చచ్చిపోయిన మధ్యప్రదేశ్ ఆదివాసులు 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. రాజస్థాన్‌లో 2019 విధానం ప్రకారం రోగికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, పైన నెలనెలా పింఛను. అక్కడి కూలీలు సంఘం కట్టి సాధించుకున్నరు. ఎవరూ ఊరికే ఇయ్యలేదు.

అందుకే మనం అడగాలి:

డిశ్చార్జి చీటీ తెలుగులో ఉండాలి. రోగి ఏ మిల్లులో ఎన్నేండ్లు చేసిండో దాని మీద రాయాలి.

2022 ఆవశ్యక మందుల జాతీయ జాబితాలో సాల్బుటమాల్, బుడెసోనైడ్‌-ఫార్మోటెరాల్, టయోట్రోపియం ఇన్‌హేలర్లు ఉన్నయి. అవి మండల దవాఖానలో నెలనెలా ఉచితంగా దొరకాలి.

ఇంటికొచ్చిన వారంలోపు నర్సమ్మ గానీ ఆశా అక్క గానీ ఇంటికి రావాలి.

ఆక్సిజన్ మిషను, దాని కరెంటు బిల్లు సర్కారు భరించాలి. పని చేయలేనోనికి పింఛను, నష్టపరిహారం ఇవ్వాలి. ఆ ఖర్చు మిల్లు యజమాని నుంచి రాబట్టాలి.

అంతదాకా వాడ చూస్తూ కూచోవద్దు. సంఘపోళ్లు ఇల్లిల్లూ తిరిగి దమ్మున్నోళ్ల పేర్లు, పనిచేసిన మిల్లు, ఏండ్లు రాసిపెట్టాలి. హాజరు కాగితం, జీతం చీటీ, ఎక్స్‌రే ఏదీ పారెయ్యొద్దు, రేపు సాక్ష్యం అదే. రోగి ఇంటికి రోజూ ఒకరు పోవాలి. పెదాలు నీలమైనా, మాట మధ్యలో ఆగిపోయినా, మత్తుగా పడ్డా వెంటనే 108కు ఫోన్ చెయ్యాలి.

మన ఊపిరి అరగదీసి వాళ్లు మేడలు కట్టుకున్నరు. ఆ ఊపిరికి లెక్క చెప్పమని అడుగుదాం. ఒక్కొక్కరం పోతే కసురుకుంటరు, చీటీలన్నీ పట్టుకొని వాడంతా కలిసిపోదాం!