డ్రైనేజీ లేని గూడేల్లో కొత్త వేరియంట్‌ని ఎవరు పట్టాలి?

తార్నాకలోని ఐఐసీటీ, ఆ పక్కనే ఉన్న సీసీఎంబీ కలిసి 2020లో హైదరాబాద్ మురుగునీళ్లు పరీక్షించాయి. టెస్టుకి రానివాళ్ల మలంలో కూడా వైరస్ ఆనవాళ్లు ఉంటాయి. అట్లా లెక్కగట్టి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని ఆగస్టులో చెప్పారు. అవే నీళ్లలో జన్యుక్రమం చూస్తే, ఏ లక్షణాలూ లేకుండా పాకుతున్న కొత్త వేరియంట్ కూడా దొరుకుతుంది.

ఇదంతా డ్రైనేజీ ఉన్న ఊరి సంగతి. ఓయూ హాస్టళ్ల నుంచి పండక్కి ఉట్నూరు, ఏటూరునాగారం బస్సెక్కేది మనమే. మన గూడేల్లో కాలువలే లేవు, పైగా ఏ జ్వరమొచ్చినా ముందు మలేరియా అనుకుంటాం.

ఆశ్రమ పాఠశాలల సెప్టిక్ ట్యాంకుల నుంచి, పీహెచ్‌సీకొచ్చే జ్వరాల నుంచి వారం వారం నమూనాలు తీసి హైదరాబాద్ ల్యాబులకి పంపమని ఐటీడీఏలను గట్టిగా అడగాలని మా అభిప్రాయం. ఫలితం కూడా ముందు గూడేనికే చెప్పాలి.