అద్దెకిచ్చిన చోట నీళ్లలో ప్రమాదం... యజమానిదే బాధ్యతా?

సెలవులకు పాలకుర్తి నుంచి హైదరాబాద్ శివారుకు వెళ్లి, ఒక్కరోజుకు ఫామ్‌హౌస్ తీసుకున్నారనుకోండి. స్విమ్మింగ్ పూల్‌లో పిల్లాడు మునిగిపోయాడు. గేటు దగ్గర ‘మీ సొంత బాధ్యతపైనే దిగాలి’ అని బోర్డుంది. యజమాని తప్పించుకోగలరా?

బోర్డు ఒక్కటే కాపాడదు. పూల్ ఎవరి అధీనంలో ఉందన్నదే అసలు ప్రశ్న. రోజు అద్దెకిచ్చే చోట నీళ్లు మార్పించేది, కాపలా పెట్టేది సాధారణంగా యజమానే. ఆయన నిర్లక్ష్యమే మరణానికి కారణమని రుజువైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. 2024 జులై 1కి ముందు, ఐపీసీ 304ఏ కింద, రెండేళ్లే.

పరిహారానికి దారి వేరు. డబ్బు తీసుకుని ఇచ్చిన సేవ కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఫామ్‌హౌస్ ఎక్కడున్నా, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. కట్టిన అద్దె 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. పెద్దమనుషుల మాట విని ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం వద్దనుకుంటే మాత్రం తర్వాత చూపించడానికి చేతిలో ఏమీ మిగలదు.

నెల అద్దె ఇంట్లో లెక్క మారుతుంది. తాళం తీసుకున్నాక రోజువారీ జాగ్రత్త మీదే. కానీ తనకు తెలిసి, మీ కంటికి కనపడని లోపాన్ని యజమాని ముందే చెప్పాలని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటోంది. పాలకుర్తి అద్దె ఇళ్లలో పూల్ ఎక్కడో గానీ ఉండదు. భయపడాల్సింది సంపు గురించి. నాలుగు వాటాలకూ ఒకే సంపు ఉంటే దాని మూత బాగుచేయించాల్సింది సాధారణంగా యజమానే. ఫోన్లో చెప్పి ఊరుకోకండి. మూత ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, తేదీ అందులోనే ఉంటుంది.